మంచిపిల్ల కథ ఎవరు రాశారు?

తెలుగింట్లో పంక్తిలో కూర్చున్నవాడు ‘వద్దు’ అంటే ఎవరూ నమ్మరు. మొదటి వద్దు మర్యాద కింద జమ. రెండోది మొహమాటం కింద జమ. మూడోసారి విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెడితే గానీ గరిట ఆగదు. ఒక్కోసారి అప్పుడూ ఆగదు, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పడుతుంది. ఈ తర్ఫీదులో పెరిగినవాళ్ళ మాటకి బయట మాత్రం ఏం విలువ ఉంటుంది? బావమరిది స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టేస్తాం. పక్కింటావిడ చిట్టీ మొదలెడితే అక్కర్లేకపోయినా చేరిపోతాం. గది దొరికేదాకా నాలుగు రోజులుంటానని వచ్చిన దూరపు చుట్టాలబ్బాయి పరీక్షలు రాసి, ఫలితాలు కూడా మనింట్లోనే చూసుకుంటాడు.

ఈమధ్య ఊరూరా వ్యక్తిత్వ వికాస తరగతులు వెలిశాయి. ‘నో’ చెప్పడం అక్కడ నేర్పుతారు. అద్దం ముందు నిలబడి గట్టిగా అనమంటారు. అద్దం ఎదురు చెప్పదు గనక బాగానే వస్తుంది. ఇంటికొచ్చాక మేనత్త ఫోన్ చేసి, “ఏరా, పెద్దవాడివైపోయావు, మేం గుర్తుంటామా” అనగానే అంతా నీరుగారిపోతుంది. పంతుళ్ళను తప్పుపట్టను. కాదనడం గొంతుకి సంబంధించిన విద్య అనుకోవడం దగ్గరే తిరకాసు ఉందేమోనని నా అనుమానం.

ఎందుకంటే మేనత్త దగ్గర మన కథ ఒకటి సిద్ధంగా ఉంది. “మావాడా! నోట్లో వేలు పెట్టినా కొరకడు” అని ఆవిడ నలుగురికీ చెప్పే కథ. ఇల్లన్నాక అందరి వేషాలూ పదేళ్ళు రాకముందే ఖాయమైపోతాయి. ఒకడు చురుకైనవాడు, ఒకతె గయ్యాళి, ఒకడు దేనికీ పనికిరాడు, ఒకతె మంచిపిల్ల. అన్నిటిలోకీ మంచిపిల్ల వేషం కష్టం. గయ్యాళి ఒక్కపూట మెత్తగా మాట్లాడితే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. మంచిపిల్ల ఒక్కపూట విసుక్కుంటే, “దానికేమొచ్చింది, ఎవరైనా ఎక్కించారా” అని ఆరాలు మొదలవుతాయి. ఎవరో రాసిపెట్టిన కథలో ఉన్నంతకాలం కాదనే మాట మన పాత్రకి రాసి ఉండదు. అద్దం ముందు ఎంత సాధన చేసినా అంతే. కథే మార్చుకోవాలి. అంటే మొదట్నించీ మన నోటితో మనం చెప్పుకోవాలి.

ఇలా అనుకున్నప్పుడల్లా నాకు కొండపల్లి కోటేశ్వరమ్మ గుర్తొస్తుంది. 1918లో పామర్రులో పుట్టింది. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసులో పెళ్ళయింది, పోగొట్టుకున్నదేమిటో తెలియని వయసులో వితంతువయింది. తర్వాత, ముందుముందు నక్సలైటు నాయకుడు కాబోయే కొండపల్లి సీతారామయ్యని పెళ్ళాడింది. వితంతువుకి మళ్ళీ పెళ్ళి అంటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకునే కాలం. కమ్యూనిస్టు ఉద్యమంలో పాటలు పాడింది, నాటకాలాడింది, ఒంటిమీది నగలు పార్టీకిచ్చింది, అజ్ఞాతంలో తిరిగింది. అన్నీ అయ్యాక ఆయన ఆవిణ్ణి వదిలి వెళ్ళిపోయాడు. అప్పటికావిడకి ముప్ఫై దాటాయి. హైదరాబాదు వెళ్ళి ఆంధ్ర మహిళా సభలో చేరి, తనకన్నా ఎంతో చిన్నవాళ్ళ పక్కన కూర్చుని మెట్రిక్ చదివింది. ఆపైన కాకినాడలో అమ్మాయిల పాలిటెక్నిక్ హాస్టల్‌కి మేట్రన్‌గా పనిచేసి తన బతుకు తను బతికింది. కొడుకు పోయాడు, అల్లుడు పోయాడు, కూతురూ పోయింది.

ఆవిడ గురించి చెప్పడానికి లోకం దగ్గర రెండు మూడు కథలు తయారుగా ఉండేవి. నక్సలైటు నాయకుడి భార్య అనేది ఒకటి. మొగుడొదిలేసిన మనిషి అనేది ఇంకొకటి. పాపం అనే మాటతో మొదలయ్యేది మూడోది. తొంభై దాటాక ఆవిడ తన కథ తనే రాసింది. ‘నిర్జన వారధి’ పేరుతో 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. చదువుతుంటే ఆశ్చర్యం వేసేది దుఃఖం కాదు, అది ఎటూ ఉంటుంది. సంతోషపడ్డ రోజుల్ని, తర్వాత ఏం జరిగిందో తెలిసి కూడా, సంతోషంగానే రాయడం ఆశ్చర్యం. పాటలు పాడిన రోజుల మీద తర్వాతి చేదు పూయలేదు. నా మటుక్కు, తనని తాను ఒప్పుకోవడమంటే అదే. పాత ఫోటోలోంచి ఎవర్నీ కత్తిరించకపోవడం.

చివరి రోజుల్లో సీతారామయ్య విజయవాడలో మనవరాలి ఇంట్లో ఉన్నాడు. ఆవిణ్ణి చూడాలనుందని కబురొచ్చింది. తనకి చూడాలని లేదని ఆవిడ చెప్పింది. నలుగురూ నచ్చజెప్పిన మీదట వెళ్ళింది. ఆ కాదనడంలో కేకలు లేవు, పగ లేదు. ఆ తర్వాత వెళ్ళడాన్ని ఓటమి అనీ నేననుకోను. కాదన్నదీ ఆవిడే, వెళ్ళిందీ ఆవిడే. 2018లో, నూరేళ్ళు నిండాక, విశాఖపట్నంలో పోయింది.

కాదనడమంటే ఒక గీత గీసుకోవడమే. ఆడవాళ్ళకి గీత అనగానే మనకి లక్ష్మణరేఖ గుర్తొస్తుంది. వాల్మీకి రామాయణంలో అది లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. సీత కోసం మరిది గీసిపోయిన గీత అది. దాటితే తప్పు ఆమెది. గీసే ముందు ఆమెని ఎవరూ అడగలేదు. తరతరాలుగా ఆ గీత గురించే మాట్లాడుకుంటూ వచ్చాం గనక, సీత తనంతట తను గీసుకున్న గీత అంటే ఎలా ఉంటుందో మనకి అలవాటు లేదు. అలా గీసుకున్నవాళ్ళకి పొగరని పేరు పెట్టాం.

పొగరంటే భానుమతి. ‘మిస్సమ్మ’లో మొదట ఆవిడే నాయిక అని అందరికీ తెలుసు. వ్రతం చేసుకుని ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ రాసిమ్మంటే రాయనందనీ, తీసిన రీళ్ళు తగలబెట్టారనీ చెబుతారు. 1955లో ఆ సినిమా వచ్చి సావిత్రి ఎక్కడికో వెళ్ళింది. భానుమతికి నష్టమే. ఆ నష్టాన్ని ఆవిడ నవ్వుతూ భరించింది, ఎవరి మీదా పడి ఏడవలేదు. ఆ పొగరుమనిషే ‘అత్తగారి కథలు’ రాసింది. అత్తగారితో తగువు పెట్టుకునే కథలు కావవి. ఆ పెద్దావిడ మడీ, చాదస్తమూ, అమాయకత్వమూ పక్కనే నిలబడి చూసి, నవ్వి, మనకి చెప్పిన కథలు. కథ చెప్పాలంటే ఒక అడుగు వెనక్కి జరగాలి కదా. ఆ అడుగు చాలు చాలా ఇళ్ళల్లో.

అయితే ఎప్పుడూ తన గోడు చెప్పుకునేవాళ్ళంతా బాగుపడినట్టు కాదు. పెళ్ళిలో తనకి పెట్టిన చీర రంగు గురించి ముప్ఫై ఏళ్ళుగా, ఒక్క మాట తేడా లేకుండా, దొరికినవాళ్ళందరికీ చెప్పేవాళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. అది పారాయణం. పారాయణంలో పాఠం మారకూడదు. కథ మారుతుంది. రెండోసారి చెప్పేటప్పుడు అవతలివాళ్ళకి కూడా ఒక ముఖం వస్తుంది, మూడోసారి మన పెంకితనం కూడా కాస్త కనపడుతుంది. దానికి కలమూ కాగితమూ ఉండి తీరాలనీ లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం చూపు పోయాక తన స్వీయచరిత్ర చెప్పి రాయించాడు.

నాకు తెలిసిన ఒక రిటైరైన టీచరుగారు ఉన్నారు, పుట్టుకతో మంచిపిల్ల. కూతురి పురుడుకి అమెరికాలో ఆరు నెలలు, కోడలి పురుడుకి ఆరు నెలలు, మళ్ళీ పిల్లాడికి బళ్ళో చేరే వయసు వచ్చేదాకా ఇంకో ఆరు నెలలు ఉండొచ్చారు. అక్కడ మంచు, ఇక్కడ మోకాళ్ళు. పోయినేడు బజారునించి ఒక పొడుగు నోటుపుస్తకం కొనుక్కొచ్చి రోజూ పొద్దున రాయడం మొదలెట్టారు. తను చదివిన బడి, తండ్రి కోపం, తొలి ఉద్యోగంలో ఏరు దాటి వెళ్ళిన ఊరు, ఇష్టపడి కూడా చేసుకోలేకపోయిన ఎం.ఏ. ఇంతవరకే నాకు చెప్పారు. మళ్ళీ టికెట్ తీస్తానని కొడుకు ఫోన్ చేస్తే, “ఈసారి రాను నాన్నా. సంక్రాంతికి మీరే రండి, అరిసెలు చేయించి ఉంచుతాను” అన్నారట. అవతల కాసేపు చప్పుడు లేదట. తర్వాత, “అమ్మా, ఒంట్లో బాగానే ఉందా” అని అడిగాడట. బాగానే ఉందని నమ్మించడానికి బీపీ ఎంతుందో కూడా చెప్పాల్సొచ్చింది.

సంక్రాంతికి వచ్చారు. పిల్లాడు వారం రోజులూ మేడ మీద గాలిపటాలతోనే ఉన్నాడు. బయల్దేరే ముందు కొడుకు ఆ నోటుపుస్తకం చూసి, “ఇందులో మా గురించి కూడా రాశావా, చూపించవా” అన్నాడు. “రాశాను. చూపించను” అన్నారావిడ, అరిసెల డబ్బాకి తాడు కడుతూ. నేనూ అడిగి చూశాను. నాకూ చూపించలేదు. రెండో నోటుపుస్తకం కొనాలి, మంచి కాగితం ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగారు.