మేస్త్రీ పుస్తకంలో గీతలు

"ఒక్కదానివే పోతావా? దేశం కాని దేశం!" అని మా తండాలో అడగని వాళ్లు లేరు. మాచర్ల బస్టాండుకు ఒంటరిగా పోయినా ఎవరితో పోయావని అడిగే ఊరు మాది. రెండేళ్లు చీటీ కట్టి దాచిన డబ్బు, ఎండాకాలం సెలవులు, పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఎన్‌ఓసీ. ఇన్నీ కుదిరాక మారిషస్ పోయాను. ఆ దేశానికి మనవాళ్లు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. అది ఒక కారణం.

అసలు కారణం వేరు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు పోయిన తెలుగు కూలీల సంగతి ఎక్కడో చదివాను. వాళ్లను అక్కడ కోరంగీలు అనేవాళ్లట. ఇప్పటికీ అక్కడ ఉగాది పండక్కి ప్రభుత్వ సెలవు. కూలి కోసం ఊరు విడిచిన వాళ్ల కథ అంటే నాకు మా యాడి గుర్తొస్తుంది. మా సుగాలీలకు యాడి అంటే అమ్మ. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టేటప్పుడు, పదిహేనేళ్ల పిల్లగా, ఆమె అక్కడ రాళ్లూ మాలు తట్టలూ మోసింది.

పోర్ట్ లూయిస్ నుంచి బస్సెక్కి పాంప్లెమూస్ దగ్గర దిగాను. అక్కడ బో ప్లాన్ అనే పాత చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 1999లో మూసేశారు, 2002లో మ్యూజియంగా తెరిచారు. యంత్రాలను పీకి అమ్ముకోలేదు, చాలావరకు ఉన్నచోటనే ఉంచారు. దూరం నుంచే పొగగొట్టం కనపడుతుంది. లోపల చెరకు నలిపే రోలర్లు, రసం కాచే పెద్ద పాత్రలు, మడ్డి నుంచి చక్కెర పలుకుల్ని విడదీసే గిరగిర తిరిగే యంత్రాలు. పిప్పిని పారెయ్యరు, అదే బాయిలర్‌కి పొయ్యిలో కట్టె. రసం తేరడానికి సున్నం కలుపుతారని చదివి నవ్వొచ్చింది. సున్నపురాయి నేల మీద పుట్టిన పల్నాటి మనిషిని, చక్కెరకి సున్నం కావాలని తెలుసుకోడానికి సముద్రం దాటాలా!

యంత్రాల దగ్గర గంటసేపు తిరిగాను. ఏ చక్రం ఏం చేస్తుందో బొమ్మలతో సహా వివరంగా రాశారు. నాకు మాత్రం ఆ రోలర్ నోట్లోకి చెరకు తోసిన చేతులు ఎవరివా అనిపించింది. ఆ బానిసల గురించీ కూలీల గురించీ కూడా అక్కడ చెప్పారు, దాచలేదు. చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపించారు. నల్లటి చక్కెర ఒకటి అచ్చం మన బెల్లంలా ఉంది. ఒక పొట్లం కొన్నాను.

మర్నాడు పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్‌కు పోయాను. ఓడ దిగిన కూలీలను ముందుగా ఉంచిన చోటది. 1849లో కట్టారు. రేవు నుంచి పైకి పదహారు రాతి మెట్లున్నాయి. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులు అంతకు ముందు నుంచే ఒప్పందం మీద కూలీలను తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది వచ్చారు.

ఇక్కడే నేను ఆగిపోయాను. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి వచ్చిన తొలి 36 మంది ఎవరనుకున్నారు? ఛోటానాగపూర్ కొండల మనుషులు. ధాంగడ్‌లు అని రాసుకున్నారు. ఒరాన్, ముండా లాంటి ఆదివాసులను అప్పట్లో అలా పిలిచేవాళ్లు. మనవాళ్లు! మన పాఠాల్లో ఆదివాసి ఎప్పుడూ అడవిలోనే ఉంటాడు. ఇరవై ఏళ్లుగా నేనూ పిల్లలకు అట్లాగే చెప్పాను. సముద్రం దాటి ఒక దేశపు చక్కెర పరిశ్రమకు తొలి మెట్టయిన ఆదివాసిని నాకెవరూ చెప్పలేదు.

వాళ్లకు అయిదేళ్ల ఒప్పందం, మగవాళ్లకు నెలకు 5 రూపాయల జీతం. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతీ తోటల్లో ఉండేది. వచ్చిన కూలీకి ఒక నంబరు ఇచ్చేవాళ్లు. రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఒంటి మీద గుర్తులు. తర్వాతి రోజుల్లో ఫోటో కూడా తీశారు. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మనవలూ మునిమనవలూ పోయి తమ పెద్దల పేరు వెతుక్కుంటారు.

మొదట అసూయ పడ్డాను. తర్వాత ఆలోచిస్తే, ఆ రాసింది ప్రేమతో కాదు గదా. పారిపోతే పట్టుకోడానికి. టికెట్టు చూపించలేని కూలీని పోలీసులు పట్టుకుపోయేవాళ్లు. అయినా సరే, కాగితం మిగిలింది.

తిరిగొచ్చాక యాడి చేతిలో ఆ నల్ల చక్కెర పెట్టాను. చప్పరించి, "బెల్లమేగా, ఇంత దూరం పోయి తెచ్చావా?" అంది. అక్కడి కూలి సంగతి చెప్పాను. ఒకరోజు మానితే రెండు రోజుల కోత అనగానే, "మాకు మానిన రోజుదే పోయేది" అంది, వాళ్ల కంటే మేము నయం అన్నట్టు.

"మరి సాగర్‌లో నీ పేరు ఏమని రాసుకున్నారు?"

"పేరు ఎవడడిగాడు? మేస్త్రీ పుస్తకంలో గీతలు గీసేవాడు. మనిషికో గీత. శనివారం గీతలు లెక్కబెట్టి డబ్బులిచ్చేవాడు."

సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారని నా పిల్లలకు కంఠతా వచ్చు. పరీక్షలో అడుగుతారు మరి. మేస్త్రీ పుస్తకం ఏ చెదలు తిన్నదో.

ఆ సాయంత్రం బడి నుంచి ఒక తెల్ల నోటుపుస్తకం తెచ్చాను. యాడిని తలుపు పక్క గోడకు నిలబెట్టి సుద్దముక్కతో గీత గీసి టేపు పెట్టి కొలిచాను. పేరు, తండ్రి పేరు, తండా, ఎత్తు రాశాను. వయసు ఆమె ఒకటి చెప్పింది, ఆధార్‌లో ఒకటి ఉంది. రెండూ రాశాను. గుర్తులు అన్నచోట రెండు ముంజేతుల పచ్చబొట్లు రాసి పుస్తకం మూయబోతుంటే ఆపింది. కాలు ముందుకు చాపి, ఇది కూడా రాయమంది. సాగర్‌లో రాయి జారిపడి గోరు ఊడిపోయిన బొటనవేలు.