బెల్లం వాసన వెంట... ఓ సైకిల్ రోజు!

ఊరెళ్లడమంటే మనకు నెల ముందు టికెట్లు, పెద్ద పెద్ద సూట్‌కేసులు, పులిహోర డబ్బాలు. ఇవేమీ లేకుండా పొద్దున్నే లేచి, 'పోదాం పద' అనుకుని బయల్దేరితే ఎలా ఉంటుంది? దానికి అనకాపల్లిని మించిన చోటు లేదు. విశాఖ నుంచి రైలెక్కితే గంటలోపే దిగిపోవచ్చు. రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లంతా కిటికీలోంచి చూసి వదిలేసే ఊరిది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. అయినా నాలుగు సందులు దాటితే చాలు, పొలాలూ తాటిచెట్లూ కొండలూ మొదలైపోతాయి.

జనవరి నెలాఖరు. అనుకోకుండా దొరికిన సెలవు. మిత్రుడి ఇంటి వరండాలో గేర్ల సైకిలొకటి దుమ్ము కొట్టుకుని ఉంది. గాలి కొట్టించి, రెండు నీళ్ల సీసాలూ నాలుగు అరటిపళ్లూ సంచిలో వేసుకుని ఆరున్నరకల్లా రోడ్డెక్కాను. ఎక్కడికన్నది నిర్ణయం కాలేదు. పెట్టుకున్న నియమం ఒక్కటే... వీలైనంత వరకు హైవే జోలికి వెళ్లకూడదు!

రంగును బట్టి రేటు

అనకాపల్లిలో దారి అడగాల్సిన పనిలేదు, ముక్కు చెబుతుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. పొద్దున్నే ఆటోల్లో, ట్రాక్టర్లలో దిమ్మలు దిగుతుంటాయి. కళాసీలు వాటిని వరసలుగా పేర్చుతారు. వ్యాపారులు ఓ దిమ్మను గిల్లి చూస్తారు, వేలితో తట్టి చూస్తారు. అన్నిటికన్నా ముందు చూసేది మాత్రం రంగు. పసుపు పచ్చగా మెరిస్తే మొదటి రకం. ముదురు రంగుకు దిగేకొద్దీ ధర కూడా దిగుతుంది. నలుపు తిరిగిందంటే అడుగున ఉన్నట్టే. తీపి అన్నిటిలోనూ ఉంది, విలువ మాత్రం రంగుకే! ఆ మాట మనసులో వేసుకుని పెడల్ తొక్కాను.

కొండే గుడి, కొండే బడి

పట్నం నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్తే శంకరం. సంఘారామం అన్న మాటే జనం నోట్లో నలిగి శంకరం అయిందంటారు. సైకిల్‌ను చెట్టుకింద పెట్టి మెట్లెక్కితే బొజ్జన్నకొండ. రెండంతస్తుల గుహలు కొండలోనే తొలిచినవి. పెద్ద గుహలో 16 స్తంభాలు, నడుమ ఏకశిలా స్తూపం. గోడల మీద ధ్యానంలో బుద్ధుడు. ఇటుకా సున్నమూ తెచ్చి కట్టిన గుహ కాదిది. అక్కర్లేని రాయిని తీసేస్తే మిగిలింది.

పక్కనే లింగాలకొండ. పేరు చూసి శివలింగాలనుకునేరు! అవన్నీ కొండరాతిని మలిచిన స్తూపాలే. చిన్నవీ పెద్దవీ బారులు తీరి ఉంటాయి. 1906-08 మధ్య అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. అంటే శతాబ్దాల పాటు ఈ కొండకు రాకపోకలు సాగాయన్నమాట. భిక్షువులు వెళ్లిపోయాక బుద్ధుణ్ని ఊరు మరిచిపోయింది. కనుమనాడు ఇక్కడికి తీర్థంగా వచ్చే జనం ఆ విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరే ఆచారం కూడా ఒకప్పుడు ఉండేది. చెప్పగా చెప్పగా జనం అర్థం చేసుకున్నారు.

కొండపైన నిలబడితే చుట్టూ పచ్చటి పలకలు పరిచినట్టు పొలాలు. కానీ ఒకప్పుడు కనుచూపు మేరా ఉన్న చెరకు ఇప్పుడు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

పక్కనే నీళ్లు... పొలానికి కావు

మళ్లీ పట్నం మీదుగా శారదానది వంతెన దాటి కశింకోట వైపు వెళ్లాను. కాసేపట్లోనే ఏలేరు కాలువ ఎదురైంది. ఏలేశ్వరం దగ్గరి జలాశయం నుంచి 153 కిలోమీటర్లు నడిచి విశాఖ వెళ్లే నీళ్లివి. ఉక్కు కర్మాగారం దాహం తీర్చడానికి తవ్విన కాలువ. నగరానికీ తాగునీరిస్తోంది. గట్టు మీద ఎర్రటి గ్రావెల్ దారి. ఎక్కడా ఎత్తుపల్లాల్లేవు. బర్రెలు కాసే పిల్లలు కాసేపు నా వెంట పరుగెత్తి పందెం వేశారు. నేనే ఓడిపోయాను!

శారద మీదున్న రైవాడ జలాశయం నీళ్లు కూడా విశాఖ కుళాయిల్లోకే వెళ్తాయి. ఆ నీళ్లు మా పొలాలకే ఇవ్వాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. కారులో వెళ్తే కాలువ ఓ గీతలా వెనక్కి పోతుంది. సైకిల్ మీద వెళ్తేనే ఈ గట్టున నీళ్లూ, ఆ గట్టు కింద బోరు మోటారూ పక్కపక్కన కనిపిస్తాయి.

పొయ్యి దగ్గర కాసేపు

గట్టు దిగగానే పొగ. చెరకు గానుగ! ఎండిన పిప్పే పొయ్యిలో వంటచెరకు. పెద్ద పెనంలో రసం తెర్లుతోంది. సున్నం వేసి, పైకి తేలిన మడ్డి తీసేస్తూ, పాకం పట్టు చూసుకుని దింపి, కలియబెట్టి దిమ్మలు పోస్తారు.

"ఏటి బాబూ, సైకిలు మీద ఊరూరా తిరుగుతన్నావు? కూకో, రసం తాగు" అన్నాడు గానుగ దగ్గరి పెద్దాయన.

"ఎంత చెరకు ఆడితే ఎంత బెల్లం వస్తుంది తాతా?"

"టన్ను ఆడితే ఓ క్వింటా."

ఆ క్వింటాలోంచే కూలీల ఖర్చు, ఎరువులు, బండి కిరాయి. తుమ్మపాల చక్కెర మిల్లు మూతపడ్డాక చెరకు అటు తోలే దారీ లేదు. 1913 నుంచి చెరకు మీద పరిశోధన చేస్తున్న కేంద్రం ఊళ్లోనే ఉంది. మంచి రకాలకు కొదవ లేదు. కొదవల్లా గిట్టుబాటుకే.

రంగు సంగతి అడిగాను. పెద్దాయన నవ్వాడు.

"రంగుంటేనే రేటు బాబూ. రంగు రావాలంటే మందెయ్యాల. మందెయ్యకపోతే నల్లగుందని మీరే కొనరు. మరేటి సెయ్యమంటావు?"

ఆ మందు పేరు హైడ్రోస్. బెల్లాన్ని తెల్లబరుస్తుంది. అందులోని గంధకం మోతాదు మించితే ఆరోగ్యానికి మంచిది కాదు. మందు వేయకుండా వండిన బెల్లం సాధారణంగా ముదురు గోధుమ రంగులోనే ఉంటుంది. సంక్రాంతి అరిసెలకు పచ్చగా మెరిసే బెల్లమే కావాలని మనం పట్టుబడితే, ఆ పట్టు దుకాణం, యార్డు దాటి ఈ పెనం దాకా వస్తుంది. ముదురు రంగుకు కూడా మంచి ధర పలికిన నాడు పెద్దాయన మందు డబ్బా పక్కన పెట్టేస్తాడు. ఆ మాట చెప్పగలిగేది కొనేవాళ్లే.

మీరూ వెళ్తారా?

చెరకు ఆడేది చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి లోపు వెళ్లండి. కొండ ఉదయమే ఎక్కేయండి, ఎండెక్కితే రాయి కాలుతుంది. కాలువ గట్టున పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. నీళ్లు నిదానంగా కనిపిస్తాయి గానీ లోతెక్కువ. ఉదయం వెళ్తే సాయంత్రానికి హాయిగా తిరిగొచ్చేయవచ్చు. నేను తొక్కింది మొత్తం 35 కిలోమీటర్లే. తిరుగు ప్రయాణంలో ఓ కిలో బెల్లం కొనండి. కొట్టువాడు పచ్చటి దిమ్మ చూపిస్తే, పక్కనున్న గోధుమ రంగుది ఇవ్వమని అడగండి!