కెప్టెన్ ముల్లా వెనక్కి వెళ్లింది ఎందుకు

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుండగా, బొంబాయి నగరం రాత్రిళ్లు చీకట్లో ఉండేది. కిటికీలకు నల్ల కాగితాలు అంటించేవారు. కార్ల హెడ్‌లైట్లకు సగం దాకా నల్లరంగు పూసేవారు. విశాఖపట్నంలో ఐఎన్‌ఎస్ సర్కార్స్‌లో బాయ్స్ ట్రైనింగ్ ముగించుకుని అప్పటికి కొద్దికాలం కిందటే నేను బొంబాయి చేరాను. మీసం సరిగా రాని వయసు. నాలుగో తేదీ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద దెబ్బ కొట్టాయన్న కబురు వచ్చాక బ్యారక్స్‌లో ఎవరికీ కాలు నిలవలేదు. యుద్ధమంటే మనవాళ్లు వెళ్లడం, కొట్టడం, తిరిగి రావడం అనుకున్నాం.

8వ తేదీన ఐఎన్‌ఎస్ ఖుక్రీ, ఐఎన్‌ఎస్ కిర్పాన్ అనే షిప్‌లు బయలుదేరాయి. సౌరాష్ట్ర తీరం దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఒకటి తిరుగుతోందని తెలిసింది, దాన్ని వెతికి పట్టుకోవడానికి ఇవి వెళ్తున్నాయి. ఈ సంగతి మాకు తర్వాతే తెలిసింది. ఆ రోజు మాకు అప్పగించిన పని తాళ్లు విప్పడం. సబ్‌మెరైన్లను వేటాడడానికే బ్రిటన్‌లో కట్టిన చిన్న ఫ్రిగేట్లు అవి. ఖుక్రీ నౌకాదళంలో చేరింది 1958లో. వాటి స్క్వాడ్రన్‌లో మూడోదైన కుఠార్ మరమ్మతులో ఉండడంతో రెండే వెళ్లాయి. స్క్వాడ్రన్ అధిపతి, ఖుక్రీ కెప్టెన్ ఒక్కరే: మహేంద్రనాథ్ ముల్లా. గోరఖ్‌పూర్‌లో పుట్టిన మనిషి, వయసు నలభై అయిదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నేను ఆయన్ని అంతకుముందు ఒకే ఒక్కసారి చూశాను, అదీ జెట్టీ మీద, దూరం నుంచి. నా స్థాయి కుర్రాడికి కెప్టెన్‌తో మాట్లాడే సందర్భం ఎక్కడిది?

నాకు ఖుక్రీలో మా బ్యాచ్‌వాడొకడు ముఖ్యం. శ్రీకాకుళం జిల్లా సముద్రపుటొడ్డున ఒక పల్లెవాడు. తాతల నాటి నుంచీ వేట మీద బతికిన ఇల్లు. వాడి పేరు రాయను, వాళ్లవాళ్లు ఇంకా ఉన్నారు. డెక్ మీద కనిపిస్తాడేమోనని తాడు వదిలాక కూడా చూస్తూ నిలబడ్డాను. కనిపించలేదు. కింద డ్యూటీలో ఉండి ఉంటాడు.

మరునాడు, 9వ తేదీ రాత్రి, డయ్యూకు దక్షిణంగా దాదాపు నలభై నాటికల్ మైళ్ల దూరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ వదిలిన టార్పెడో ఖుక్రీని కడుపు కింద, మందుగుండు నిల్వ దగ్గర కొట్టింది. షిప్ మునగడానికి కొద్ది నిమిషాలే పట్టింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. తెల్లవారాక ఐఎన్‌ఎస్ కచ్చల్ వచ్చి నీళ్లలో తేలుతున్న అరవై ఏడుగురిని ఎక్కించుకుంది. స్వతంత్ర భారతంలో మన నౌకాదళం యుద్ధంలో పోగొట్టుకున్న షిప్ అదొక్కటే.

బ్యారక్స్‌లో ఈ వార్త ఎవరూ గట్టిగా చెప్పలేదు. పొద్దున టీ దగ్గర ఒకరు ఇంకొకరి చెవిలో అన్నారు. తర్వాత పేర్లు రావడం మొదలైంది. బతికినవాళ్ల పేర్లు ముందు వచ్చాయి, అవి తక్కువ కనుక. వాటిలో మావాడి పేరు వినబడలేదు. ఇంకో జాబితా ఉందేమో, ఇంకో బోటు ఎవరినైనా ఎక్కించుకుందేమో అని పెద్దవాళ్లను అడిగాం. వాళ్లు మమ్మల్ని కసురుకోలేదు. నౌకాదళంలో కొత్త కుర్రాళ్లను కసురుకోకపోవడమే అప్పుడు మాకు భయం వేసిన సంగతి.

యుద్ధం అయిపోయాక సెలవులో వాళ్ల ఊరు వెళ్లాను. తాటాకు ఇల్లు, ముందు ఇసకలో ఆరేసిన వలలు. వాళ్లమ్మ ఏడవలేదు, అప్పటికి ఏడుపు అయిపోయింది కాబోలు. నాకు నీళ్లిచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని ఒకే మాట అడిగింది. "నా గుంటడికి ఈత రాదేటి బావూ? సంద్రంలోనే గదా పెరిగినాడు. ఎలగ ములిగిపోనాడు?"

నేనేమీ చెప్పలేకపోయాను. నిజానికి నాకూ తెలియదు. చిన్నప్పటినుంచీ అలల మీద తెప్ప తోసినవాడు, ట్రైనింగ్‌లో ఈత పోటీ పెడితే మా అందరికంటే ముందు ఒడ్డు తాకినవాడు, మునిగిపోవడమేమిటి?

ఆమెకు జవాబు దొరకడానికి నాకు చాలా ఏళ్ల సముద్రం పట్టింది. షిప్‌లో సెయిలర్ ఉండేది నీళ్ల మీద కాదు, ఇనుప గదుల్లో. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య బరువైన ఇనుప తలుపు. ఒక అంతస్తు నుంచి పై అంతస్తుకు వెళ్లాలంటే నిలువుగా ఉండే నిచ్చెన, దాని పైన హ్యాచ్ అనే కంత. ఆ కంతలోంచి ఒకసారికి ఒక్క మనిషే పడతాడు, అదీ భుజాలు ముడుచుకుని. మామూలు రోజుల్లో కుర్రాళ్లం పందెం వేసుకుని ఎక్కేవాళ్లం. షిప్ పక్కకు ఒరిగితే ఆ నిచ్చెన నిచ్చెనలా ఉండదు. దీపాలు ఆరిపోతాయి. ఫర్నేస్ ఆయిల్ మెట్ల మీద పడితే కాలు నిలవదు. ఖుక్రీకి దెబ్బ తగిలినప్పుడు టైము తొమ్మిదికి కొద్దిగా తక్కువ. బతికొచ్చినవాళ్లు చెప్పిన ప్రకారం ఆకాశవాణి ఎనిమిది ముప్పావు వార్తలు వినడానికి డ్యూటీ లేని సెయిలర్లు చాలామంది కింద డైనింగ్ హాల్లో చేరారు. కరాచీ కబుర్లు వినాలని వాళ్లకూ ఉంటుంది కదా. అలా గుంపుగా ఉన్నవాళ్లకు బయటపడే దారి ఆ కంతలే. ఈత నీళ్లలో పనికొస్తుంది, నీళ్ల దాకా చేరగలిగితే.

అలా చేరినవాళ్లలో ఒకరితో కొన్నాళ్ల తర్వాత ఒకే మెస్‌లో ఉన్నాను. ఆయన ఆ రాత్రి గురించి మాట్లాడేవాడు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. ఒక రాత్రి వాచ్‌లో, సముద్రం చదునుగా ఉన్నప్పుడు, తనంతట తానే అన్నాడు: నిచ్చెన మీద ఉండగా కింద నుంచి ఎవరో భుజంతో తనను పైకి తోశారట. వెనక్కి చూసేందుకు వెలుతురు లేదు, సమయం లేదు. తోసినవాడు పైకి రాలేదు. తోసిందెవరో ఆయనకు ఈనాటికీ తెలియదు. అంతే చెప్పి బైనాక్యులర్స్ ఎత్తుకున్నాడు.

కెప్టెన్ ముల్లా గురించి దేశమంతా చెప్పుకునే కథ వేరు. షిప్ మునుగుతుంటే, దాన్ని నడిపించే చోటైన బ్రిడ్జి మీద తన కుర్చీలో కూర్చుని, సిగరెట్ వెలిగించుకుని, షిప్‌తో పాటే సముద్రంలోకి వెళ్లిపోయారని. చూసినవాళ్లు చెప్పారు, నేను కాదనను. ఆ దృశ్యం మనసులో నిలిచిపోయేదే. సినిమావాళ్లకీ ఉపన్యాసాలిచ్చేవాళ్లకీ అదే కావాలి. కానీ నా అసంతృప్తి అక్కడే. ఆ కథలో ఆయన చావడానికి నిశ్చయించుకున్న మనిషిలా కనిపిస్తారు. షిప్ పోతే కెప్టెన్ కూడా పోవాలన్న పాత ఆచారం ఏదో పాటించినట్టు. కెప్టెన్ చావాలని ఏ నౌకాదళమూ ఆజ్ఞ ఇవ్వదు. అందరూ దిగాక దిగు అంటుంది, అంతే.

మహావీర చక్రం ప్రదానం చేస్తూ ప్రభుత్వం రాసిన ప్రశంసాపత్రం చదివితే ఇంకో మనిషి కనిపిస్తాడు. షిప్ వదిలేయమని ఆజ్ఞ ఇచ్చాక ఆయన కంగారు లేకుండా, ఒక పద్ధతి ప్రకారం తన మనుషుల్ని బయటికి పంపే పని చూశారు. తన లైఫ్ జాకెట్‌ను ఒక సెయిలర్‌కి ఇచ్చేశారు. ఎంతమందిని పంపగలరో అంతమందినీ పంపాక, ఇంకా ఎవరినైనా కాపాడే మార్గం ఉందేమో చూడడానికి బ్రిడ్జి మీదికి తిరిగి వెళ్లారు. ఆ ప్రయత్నంలో ఉండగానే షిప్ మునిగింది. పత్రం చెప్పేది ఇదే. వెనక్కి వెళ్లింది చావడానికి కాదు. కింద ఇనుప గదుల్లో, ఆ కంతల దగ్గర, నా స్నేహితుడిలాంటి కుర్రాళ్లు ఇంకా ఉన్నారని ఆయనకు తెలుసు. పని పూర్తి కాలేదు కనుక వెళ్లారు.

ఈ తేడా నాకు చాలా పెద్దది. కింది డెక్‌లలో బతుకు గడిపినవాడికి పైనున్న అధికారి సిగరెట్ ఎంత నిబ్బరంగా కాల్చాడన్నది గొప్ప కాదు. తను మునిగిపోతున్నప్పుడు తన పేరు కూడా తెలియని ఆ అధికారి తన కోసం వెనక్కి తిరిగాడన్నది గొప్ప.

ఖుక్రీ పేరుతో మళ్లీ ఒక షిప్ వచ్చింది, మజగావ్ డాక్‌లో కట్టిన కార్వెట్. 1989 ఆగస్టు 23న బొంబాయిలో దాన్ని నౌకాదళంలో చేర్చుకున్నప్పుడు రక్షణమంత్రి కృష్ణచంద్ర పంత్‌తో పాటు ముల్లా గారి సతీమణి కూడా ఉన్నారు. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే పేరు కొత్త ఉక్కు మీద చూసినప్పుడు ఆవిడకు ఏమనిపించి ఉంటుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు. ఆ షిప్ ముప్పై రెండేళ్లు తిరిగి, ఆరు లక్షల నలభై నాలుగు వేల నాటికల్ మైళ్లు దాటి, ఆఖరికి మా విశాఖపట్నంలోనే విశ్రాంతి తీసుకుంది. 2021 డిసెంబరు 23న సూర్యాస్తమయానికి జెండా దించారు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ బిశ్వజిత్ దాస్‌గుప్తా వచ్చారు. మాలాంటి రిటైరైన వాళ్లం కొందరం ఉన్నాం. బ్యూగిల్ మోగినప్పుడు నా పక్కనున్నాయన సెల్యూట్ చేసిన చెయ్యి చాలాసేపు దించలేదు. యాభై ఏళ్లయింది అప్పటికి, మొదటి ఖుక్రీ మునిగి.

ఆ షిప్‌ను తర్వాత డయ్యూ పాలనా యంత్రాంగానికి అప్పగించారు, మ్యూజియంగా ఉంచడానికి. డయ్యూలో సముద్రం వైపు చూసే గుట్ట మీద పాత ఖుక్రీ స్మారకం ఉంది. అద్దాల గదిలో షిప్ నమూనా పెట్టారు. 1999లో కట్టారు దాన్ని. సోమనాథ్ వెళ్లినప్పుడు నేనూ మా ఆవిడా ఊనా మీదుగా బస్సులో అక్కడికి వెళ్లాం. నమూనా చాలా నాజూగ్గా చేశారు, తుపాకులు, స్తంభాలు, పడవలు అన్నీ ఉన్నాయి. లోపలి గదులు మాత్రం నమూనాలో ఉండవు కదా. మా ఆవిడకు వేలు పెట్టి చూపించాను: ఇక్కడ మెస్, ఇక్కడ బ్రిడ్జి, మధ్యలో ఇంత ఎత్తు. ఆవిడ ఆ ఎత్తునే చూస్తూ ఉండిపోయింది. మా బ్యాచ్‌వాడి అమ్మ సంగతి ఆవిడకు తెలుసు.

డిసెంబరు నెలలో విశాఖ బడులవాళ్లు మమ్మల్ని పిలుస్తుంటారు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర పూలదండలు, నేవీ డే విన్యాసాలు చూసి వచ్చిన పిల్లలకు యుద్ధం గురించి వినాలని ఉంటుంది. నేను మిసైళ్ల గురించి తక్కువ చెబుతాను, హ్యాచ్ గురించి ఎక్కువ చెబుతాను. రెండు చేతులూ దగ్గరగా పెట్టి దాని వెడల్పు చూపిస్తాను. ఒక బడిలో వెనక వరసలోంచి ఒక అబ్బాయి లేచాడు.

"సార్, ఆయన కూడా దూకేసి ఉంటే బతికేవారా?"

"బతికేవారేమో నాన్నా. ఆయనతో పాటు బ్రిడ్జి మీదున్న ఆఫీసర్లలో బతికొచ్చినవాళ్లున్నారు. షిప్ మొత్తానికి నీళ్లలోకి దూకడానికి అన్నిటికంటే మంచి చోటు ఆయన నిలబడ్డదే. లైఫ్ జాకెట్ కూడా ఉంది."

ఒక పాప చెయ్యి ఎత్తింది. "ఆ జాకెట్ ఎవరికిచ్చారు సార్?"

"ఒక సెయిలర్‌కి. పత్రంలో పేరు రాయలేదమ్మా."

"ఆ సెయిలర్ ఆయనకు ఫ్రెండా?"

"కాదు. జాకెట్ లేకుండా ఎదురుగా ఎవరు కనబడితే వాళ్లకే ఇచ్చేవారు."