దిగుడు దారి

కొండ ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే ఆగిపోతుంది. దిగేటప్పుడు పట్టు తప్పితే ఆగదు. చదువుకో కూలికో మెట్‌పల్లికి వచ్చి ఉంటున్న మా గోండు యువకులకు ఈ తేడా బాగా తెలుసు. పండుగకైనా చావుకైనా మేము గోదావరి దాటి ఖానాపూర్, ఉట్నూరు, జైనూరు మీదుగా కెరమెరి కొండల్లోకి పోవాలి. పెద్ద రోడ్డు నుంచి మా గూడేనికి చీలే దారి ప్రతి వానాకాలం కోసుకుపోతుంది.

తప్పంతా వానదే కాదు. పక్క కాలువ మట్టితో పూడితే కొండ నీళ్లు రోడ్డునే కాలువ చేసుకుంటాయి. మొదట అంచు తెగుతుంది. తర్వాత కల్వర్టు కింది మట్టి జారిపోతుంది. పైన తారు బాగానే కనిపిస్తుంది, కింద ఏమీ ఉండదు.

ఒక శ్రావణంలో, రాత్రిపూట, నొప్పులు పడుతున్న మా చెల్లెను జీపులో దించాల్సి వచ్చింది. అంబులెన్సు పైకి రాలేనంది. తెగిన మలుపు దగ్గర ఆమె, వాళ్లమ్మ తప్ప అందరం దిగాం. ఒకరు టార్చి పట్టి ముందు నడిచారు. ఇద్దరు చెరో రాయి పట్టుకుని వెనుక చక్రాల పక్కన నడిచారు. "దాదా, గేరు తియ్యకు, మెల్లగ పోనియ్" అని ఒకటే మాట. దవాఖాన చేరేసరికి తెల్లవారింది. తల్లీ బిడ్డా దక్కారు. అదృష్టమన్నారు అందరూ. మా ఆడబిడ్డల కాన్పులు అదృష్టం మీద నడవాలా?

ఇది అడవి లోపలి కథే కాదు. మెట్‌పల్లి నుంచి కోరుట్ల, జగిత్యాల దాటితే కొండగట్టు వస్తుంది. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. బస్సులో సీట్లకు మించి జనం ఉన్నారు. వేరే బండి లేని పల్లెల్లో కిక్కిరిసిన బస్సును వదులుకునేదెవరు?

బండి నడిపే తమ్ముళ్లు రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఏ గేరులో కొండ ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇరుకు దారిలో ఎదురుపడితే దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. 1989 నాటి కేంద్ర రోడ్డు నియమాల్లోనూ ఈ మాట ఉండేది.

కానీ జాగ్రత్త మా వంతే అయితే న్యాయం కాదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ఊరి అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం కావాలి. ఆ సభలో కొత్త రోడ్డు ఒక్కటే అడిగితే చాలదు. వానలకు ముందు కాలువ పూడిక తీయాలని, కల్వర్టు అడుగు చూడాలని, మలుపుల్లో రక్షణ గోడ కట్టాలని తీర్మానం రాయించాలి. సార్లూ, పిల్లల చేత ఊరి దారి పటం గీయించండి. ఎక్కడ తెగిందో, ఎన్ని అడుగులు తెగిందో, ఏ తేదీన తెగిందో రాయించండి. నోటిమాటను పక్కన పెట్టినంత తేలిగ్గా ఆ కాగితాన్ని పక్కన పెట్టలేరు.