వరస కట్టిన కూలి

సినిమా పాట ఊసెత్తగానే మన అభ్యుదయ మిత్రులు ఒక్క మాటతో కొట్టివేస్తారు: అది ఆర్డరు మీద తయారైన సరుకు అని. అందులో సగం నిజమే. హాలీవుడ్ సంగీత చిత్రాలకు వరసలు కట్టిన హ్యారీ వారెన్ కథ తెలుసుకున్నకొద్దీ మిగతా సగమే నన్ను పట్టి వేధిస్తున్నది.

అతడు 1893లో బ్రూక్లిన్‌లో, ఇటలీనుంచి వలసవచ్చిన బూట్లు కుట్టేవాని యింట పుట్టాడు. ఇంటిపేరు గ్వారాన్యా, అమెరికాలో అది వారెన్ అయింది. పదహారో యేట చదువు మానుకొని కార్నివాల్ బాండులో డ్రమ్ము వాయించాడు. సంగీతం చాలవరకు తనంత తానే నేర్చుకున్నాడు. వార్నర్, ఫాక్స్, మెట్రో, పారమౌంట్ స్టూడియోలకు పనిచేసి, జీవితకాలంలో ఎనిమిది వందలకు పైగా పాటలు కట్టాడు. మూడు ఆస్కార్లు వచ్చాయి. పాట జనం నోట నిలిచింది. కట్టినవాని పేరు నిలవలేదు. 1981లో పోయాడు.

ఇంత సరుకులో ఒక్క చిత్రం చూడండి: ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’. అప్పటికి అమెరికాలో నలుగురు శ్రామికులలో ఒకరికి పని లేదు. చిత్రం మొదట్లో నాణేలే దుస్తులుగా ధరించిన నర్తకులు డబ్బుకు కొదవలేదని పాడుతుంటారు. పాట ముగియకముందే అప్పులవాళ్ళ తరఫున అధికారులు వచ్చి రంగస్థలం జప్తు చేస్తారు. ఆ యెగతాళి చాలదన్నట్టు, చివరి పాటలో యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికులు ఉచిత భోజనంకోసం బారులు తీరి నిలుస్తారు. అంతకు ముందటి యేడే, 1932లో, తమ బోనసు అడగడానికి వాషింగ్టన్ చేరిన మాజీ సైనికులమీదికి ప్రభుత్వం సైన్యాన్ని నడిపించింది. వాళ్ళ గుడిసెలు తగలబడ్డాయి. హాలులో కూర్చున్నవాళ్ళకు యిది కొత్తగా చెప్పవలసిన పని లేదు. మాటలు ఆల్ డ్యూబిన్‌వి, దృశ్యం బస్బీ బర్కిలీది. నల్లజాతి గాయని ఎట్టా మోటెన్ కిటికీ దగ్గర కూర్చుని ఎత్తుకున్న విలాపం క్రమంగా కవాతు నడక అందుకుంటుంది. ఆ నడక వారెన్‌ది.

ఈ ఘట్టాన్ని ఒకసారి విద్యార్థులకు చూపించాను. ఒకడు లేచి అడిగాడు: “మాస్టారూ, చివరికి డబ్బు చేసుకున్నది వార్నర్లే గదా?”

“వాళ్ళే,” అన్నాను. “ఆకలికూడా టిక్కెట్టు మీద అమ్ముడుపోతుందని కనిపెట్టారు. కాని అమ్మడానికైనా దాన్ని తెరమీద నిలబెట్టక తప్పలేదు.”

వారెన్ విప్లవకారుడు కాడు. తరవాతి సంవత్సరాలలో ప్రేమపాటలూ, రైలుపాటలూ అదే శ్రద్ధతో కట్టి యిచ్చాడు. 1942లో అమెరికాలో తొలి బంగారు రికార్డు గౌరవం అతని రైలుపాటకే దక్కింది. అతన్ని మనవాడని చెప్పుకోవడం అబద్ధం. అయితే ఆర్డరు యిచ్చినవాని లాభం లెక్కగట్టి అక్కడే ఆగిపోయే విమర్శ, మగ్గం యజమానిని చూసి బట్ట నాణ్యాన్ని నిర్ణయించినట్టే అవుతుంది. ఎవరి ఆకలి ఆ పాటలోకి చొరబడిందో, ఎవరి వేళ్ళు దానికి నడక నేర్పాయో అడగడంకూడా మన పనే.