దాది పేటియాతో కర్టెన్

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఫోన్‌లో "వింటేజ్ బంజారా కర్టెన్" అని కొట్టి చూడండి. ఎర్ర గుడ్డ, అద్దాలు, గవ్వలు, పాత కుట్టు. మన తండాల్లో ముసలవ్వలు వేసుకున్న పేటియాలు, కాంచళీలు విప్పి, ముక్కలు చేసి, అతికి కర్టెన్లుగా, దిండు కవర్లుగా అమ్ముతున్నరు. నేను చూసిన ఒక కర్టెన్ 6 వేలు. కుట్టిన మనిషి పేరు ఎక్కడా లేదు. కొన్నైతే అసలు పాతవే కావు, కొత్త గుడ్డను టీ డికాషన్‌లో ముంచి పాత రంగు తెప్పిస్తరు. మన దగ్గర సందూకలో మూలకు పడ్డది, పట్నంలో గోడకెక్కితే వింటేజ్.

లంబాడీ కాని దోస్తుల కోసం చెప్తున్న: పేటియా అంటే మా ఆడవాళ్ల కుచ్చుల లంగా, కాంచళి అంటే వీపు మీద తాళ్లతో కట్టే రవిక.

మా తండా దేవరకొండ దిక్కు. ఈ ఏడు ఇందిరమ్మ ఇల్లు పూర్తయింది. ఇంతకుముందు గుడిసెకు కిటికీయే లేదు, వాకిట్ల పాత చీర వేలాడేది. ఇప్పుడు 3 కిటికీలు. బాటన పోయేటోళ్లకు ఇల్లంతా కనపడుతుందని యాడికి (అమ్మకు) ఒకటే రంది. కర్టెన్లు కొందామంటే పైసల్లేవు. సరిగ్గా అప్పుడే పాత బట్టల బేరగాడు బండేసుకొని వచ్చిండు. దాది సందూకలో ఉన్న 2 పేటియాలకు 1800 ఇస్తనన్నడు.

యాడి లెక్క సూటిగా ఉంది. ఆ పైసలతో కర్టెన్లొస్తయి, ఇంకొంచెం మిగులుతయి. ఆమెది తప్పని నేననను. కూలికి పోయి నన్ను డిగ్రీ దాకా తెచ్చిన మనిషి, పైస విలువ నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కానీ సందూక దాదిది కదా, ఆమెను అడుగుదామన్న. "ఇంత సదువుకొని పాత గుడ్డల మీద పడ్డవేంది" అని బాపు నవ్విండు.

దాది రెండూ మంచం మీద పరిచింది. ఒకదాని మీద చెయ్యి పెట్టి, "ఇది నాతోనే వస్తది" అన్నది. తను పోయినప్పుడు అని. ఇంక దాని గురించి ఎవ్వరం మాట్లాడలే. రెండోది మధ్యలో చినిగి జల్లెడైంది, అంచు, నడుం పట్టీ మాత్రం గట్టిగా ఉన్నయి. "దీన్ని కొయ్యి" అన్నది. నాకు చెయ్యి రాలే. అప్పుడు గోర్ బోలీలో ఆమె చెప్పింది తెలుగులో రాస్తున్న: "ఈ అంచు మా యాడి పేటియాది. పాతది చినిగితే కుట్టున్న ముక్క తీసి కొత్తదానికి వేసుకునేటోళ్లం. నువ్వు కొయ్యకపోతే ఎలుకలు కోస్తయి."

అంటే మా ఇంట్ల పేటియాను కొయ్యడం కొత్తేం కాదు. కోసిన ముక్క ఇంట్లోనే ఉండేది, అంతే తేడా.

ఇగ పని సంగతి, ఎవరైనా చేద్దామనుకుంటే పనికొస్తది. పేటియా విప్పి పరిస్తే అడ్డం గజాలకు గజాలుంటది గానీ ఎత్తు గజం మీద కొంచెమే. 4 అడుగుల కిటికీకి అందదు. పైగా అద్దాలు, గవ్వల బరువు ఎక్కువ, పాత గుడ్డను నేరుగా రాడ్డుకు వేలాడదీస్తే తన బరువుకు తనే చినుగుతది. అందుకే తాత తెల్ల ధోతిని కర్టెన్‌గా కుట్టి, పైన అంచు, కింద నడుం పట్టీ పరిచి కుట్టినం. బరువంతా ధోతిదే. మిషన్ మీద వద్దు, సూది అద్దానికి తగిలితే రెండూ పోతయి. దాదికి సూది బెజ్జం కనపడదు, నేను దారం ఎక్కించి ఇస్తే ఆమె కుట్టింది. 4 రోజులు పట్టింది.

తూర్పు కిటికీకి వేస్తే పొద్దుగాల అద్దాల వెలుగు గోడ మీద ఆడుతుందని నాకు ఆశ ఉండె. దాది ఒప్పుకోలే. ఎండకు ఎరుపు వెలుస్తది, దారం పెళుసైతది. ఉత్తరం కిటికీకే వేసినం. సర్ఫులో నానబెట్టొద్దు, పాత ఎరుపు కారి పక్క గుడ్డకు అంటుతది. నీడలో దులిపితే చాలు.

పట్నపోళ్లు మన కుట్టు ఇంట్ల పెట్టుకోవద్దని నేననడం లేదు. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబానీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి సండూరు కుశల కళా కేంద్రంలో మన ఆడవాళ్లే కొత్త గుడ్డ మీద కుట్టి అమ్ముతున్నరు. కావాల్సినోళ్లు అటువంటివి కొనొచ్చు, కుట్టిన చేతికి పైసలొస్తయి. ఎవరో అవ్వ పెండ్లి పేటియా కొయ్యాల్సిన పనిలేదు.

మిగిలిన 2 కిటికీలకు యాడి కూలి పైసలతో అంగడిలో పూల పూల పాలిస్టర్ కర్టెన్లు తెచ్చింది. నాకు నచ్చలే, ఆమెకు మస్తు నచ్చినయి. ఇల్లు ఆమెది.

నేను హాస్టల్‌కు వచ్చినంక బేరగాడు మళ్లీ వచ్చిండట. ఉత్తరం కిటికీ చూసి "ఇదెంతకిస్తరు" అని అడిగిండట. యాడి ఆరు వేలు అన్నదట. బండి తిప్పుకొని పోయిండట.