తలకిందుల తోట

లోపం ఉన్న సరుకును ఏం చేయాలో తెలియక గోదాములో పేర్చి పెట్టడం ప్రతి కుండల కార్ఖానాకూ ఉన్న బాధే. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో అప్పట్లో అలాంటి కార్ఖానాలు ఎన్నో. అక్కడి టన్‌స్టాల్‌లో 1899లో పుట్టిన క్లారిస్ క్లిఫ్ పదమూడేళ్లకే పనిలో చేరి, పాత్రలకు బంగారు గీతలు దిద్దడం నేర్చింది. 1927లో ఆమె అప్పుడు పనిచేస్తున్న కార్ఖానా యజమానులు లోపాలతో మిగిలిపోయిన పాత తెల్ల సరుకును ఆమె చేతికి అప్పగించారు. గీతలూ గుంటలూ కనబడకుండా ముదురు రంగుల త్రికోణాలతో కప్పేసింది. 'బిజార్' అని పేరు పెట్టింది, అంటే వింత. అమ్మేవాళ్లకే నమ్మకం లేని సరుకు చకచకా అమ్ముడైంది.

ఆ త్రికోణాలు నాకు కాస్త గోలగా అనిపిస్తాయి. నాకు నచ్చినది మరుసటి ఏడు ఆమె తెచ్చిన క్రోకస్ పూల నమూనా. కుంకుమపువ్వు కూడా ఆ జాతిదే. ఇంగ్లండ్‌లో చలి ఇంకా పోకముందే నేలను చీల్చుకుని వస్తుంది క్రోకస్. కుంచెను కిందినుంచి పైకి ఒక్క విసురు లాగితే ఒక రేకు. పక్కపక్కన మరికొన్ని పడితే నారింజదో, నీలిదో, ఊదాదో ఒక పువ్వు. తర్వాత పాత్రను తలకిందులు చేసి పూల నడుమ సన్నగా ఆకుపచ్చ గీతలు లాగేవారు. నిలబెడితే అవే ఆకులు. పైన ఎండకు పసుపు పట్టీ, కింద మట్టికి గోధుమరంగు పట్టీ. అంతే తోట.

నిజం క్రోకస్ ఆకు మధ్యలో తెల్లని చార ఉంటుంది. ఇక్కడ దాని ఊసే లేదు. పువ్వును చూసి కుంచె నేర్చుకోలేదు, కుంచెకు ఏది సులువో పువ్వే అలా మారింది. గ్లేజ్ అనే మెరుపు పూత మీద రంగు వేసి మళ్లీ కాల్చేవారు కాబట్టి కుంచె వెంట్రుకల జాడలు కూడా అలాగే నిలిచిపోయాయి. లతలూ రేకులూ అచ్చుగుద్దినట్టు దిద్దిన ఖరీదైన పాత్రల్లో ఈ ప్రాణం నాకు కనబడదు.

మొదట్లో ఈ పూలన్నీ ఎథెల్ బారో అనే ఒక్క అమ్మాయే వేసేది. 1930 నాటికి గిరాకీ తట్టుకోలేక విడిగా ఒక గది పెట్టారు. ఆమె నేర్పగా ఇరవైమంది ఆడపిల్లలు వారానికి ఐదున్నర రోజులు, ఆ దశాబ్దమంతా, క్రోకస్ తప్ప మరొకటి వేయలేదు. నాకైతే వారం తిరక్కముందే ఆ పువ్వంటే ఒళ్లు మండేది. పాత్ర అడుగున మాత్రం క్లారిస్ క్లిఫ్ పేరే. పక్కన 'చేత్తో చిత్రించినది' అన్న మాట, అదీ ముద్ర గుద్దినదే! పాతవి పోగుచేసేవాళ్లు చేతికందగానే తిరగేసి వెతికేది ఆ ముద్రనే. నేనైతే తిరగేసి ఆకులు చూస్తాను. వేసిన పిల్లకు అవి కనబడింది అలాగే కదా.